జీవులు, వాని నెలవులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



జీవుల యింటిని గూర్చి చెప్పు శాస్త్రమొకటి కలదు. దానికి నామకరణము చేసినవాడు ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను ప్రాణిశాస్త్రజ్ఞుడు. గ్రీకు భాషలో ‘ఓయికోస్’ అనగా ఇల్లు. ఆ మాటను గైకొని 1866లో అతడు ‘ఇకాలజీ’ అను పేరు కూర్చెను. ఇంటి రాబడిని ఖర్చును చూచు అర్థశాస్త్రమునకు పాశ్చాత్యులు పెట్టుకొన్న పేరునకును మూలము ఈ మాటయే. తెలుగున దీనిని జీవావరణ శాస్త్ర మందురు. పేరు బరువైనదే గాని విషయము పల్లెవాసులకు క్రొత్తది కాదు. ఏ గట్టున ఏ గడ్డి మొలచునో, ఏ మాసమున ఏ పిట్ట దిగునో, కొరమేను ఏ మడుగున దాగునో పట్టణమందలి పండితునికన్న పశువులు కాయు పిల్లవానికి ఎక్కువ తెలియును. శాస్త్రము చేసినదెల్ల ఆ తెలివిని కొలతకు తెచ్చి, ‘ఇచ్చటనే ఏల? అచ్చట ఏల లేదు?’ అని అడుగుటయే.

ఊరి చెరువును తీసికొందము. దూరమునుండి చూచువానికి చెరువనగా ఒక్కటే నీరు. దిగి చూచినవానికి అందు అనేక గృహములు కానవచ్చును. గట్టు దగ్గర తుంగ, జమ్ము మొలచును. వాని వేళ్ళు బురదలో, తలలు గాలిలో. కొంచెము లోతున తామర, కలువ. తామర వేరున్న బురదలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. అయినను అది ఊపిరాడక చావదు. తామరతూడును విరిచి చూచినచో లోపల సన్నని గొట్టములు కనబడును. ఆకు పైముఖమున పీల్చిన గాలి ఆ గొట్టములగుండా అడుగునకు దిగును. ఇంకను లోతునకు పోయిన, వెలుతురు చేరనిచోట మొక్కయే లేదు. వెలుతురు ఎంతవరకు దిగునో ఆకుపచ్చని సంసారము అంతవరకే. చెరువు మట్టికలిసి ఎఱ్ఱబారిన సంవత్సరమున ఆ సంసారము కుంచించుకొనిపోవుటకు కారణ మిదియే.

మబ్బు పట్టిన వేసవి రాత్రి గడచి తెల్లవారుసరికి చెరువులోని చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుట, కొన్ని వెల్లకిల తేలుట చేపల పెంపకము చేయువారందరు ఎరిగినదే. ఎవరో విషము కలిపిరని కొందరు అనుమానింతురు. చాలమారులు విషమును లేదు, పగవాడును లేడు. పగటివేళ నాచును, కంటికి కానరాని పచ్చని అణుజీవులును ఎండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియును చేపలవలెనే ఆ వాయువును పీల్చుకొనును. పగలు ఎండ చాలకున్నచో నిలువ తక్కువ. రాత్రి ఖర్చు మాత్రము తగ్గదు. తెల్లవారుజామునకు గాదె ఖాళీ. బొచ్చె, శీలావతి వంటివి అప్పుడు చచ్చును. ఆ నీటనే కొరమేను నిశ్చింతగా నుండును. దాని తలలో మొప్పలకు పైన గాలిని పట్టు అరలు కలవు. అది నీటిపైకి వచ్చి గాలిని మ్రింగిపోవును. గాలి మ్రింగుట దానికి వేడుక కాదు, అవసరము. నీటిపైకి రానీయక పట్టి ఉంచినచో కొరమేను నీటిలోనే ఊపిరాడక చచ్చును! చేప నీటిలో మునిగి చచ్చునన్నచో పిల్లలు నవ్వుదురు. కాని అది నిజము. ఎండిపోవు గుంటలలో పుట్టి పెరుగు చేపకు ప్రకృతి ఇచ్చిన వరమునకు వెల అది.

ఈ శాస్త్రమున రెండు మాటలను కలగాపులగము చేయరాదు. ఒకటి నెలవు, రెండవది జీవిక. నెలవనగా ప్రాణి ఉండు చోటు. జీవికయన ఆ చోట అది బ్రతుకు తీరు, అనగా ఏమి తినును, ఎప్పుడు తినును, దేనికి ఆహార మగును అనునది. మొదటిది చిరునామా, రెండవది వృత్తి అని అమెరికా దేశపు యూజీన్ ఓడమ్ వివరించెను. ఒకే వీధిలో కమ్మరియు కుమ్మరియు నుండవచ్చును. పోరు లేదు. ఒకే పని చేయు ఇద్దరు ఒకే వీధిలో ఒకే గిరాకీపై బ్రతుకవలెనన్నచో ఒకడు నిలుచును, ఒకడు లేచిపోవును. రష్యా శాస్త్రజ్ఞుడు గౌస్ గాజుగొట్టములలో సూక్ష్మజీవులను పెంచి దీనినే నిరూపించి 1934లో ప్రకటించెను. ఒకే ఆహారముపై బ్రతుకు రెండు జాతులను ఒకచోట నుంచగా ఒకటి మిగిలెను, రెండవది అంతరించెను.

అట్లయిన ఒకే నీటిపై అన్ని పక్షులు ఎట్లు బ్రతుకుచున్నవి? ఈ ప్రశ్నకు సమాధానము చూడవలెనన్నచో కొల్లేటికి పోవలెను.

కృష్ణ, గోదావరి తెచ్చిన ఒండ్రు ఇరువైపుల మేటవేయగా నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. దేశమందలి పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మున్నగు ఏరులును, అనేకములైన మురుగుకాలువలును దానిలో పడును. బయటకు పోవు దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి అది బంగాళాఖాతమున కలియును. వానకాలమున నీరు పొంగి మైళ్ళకొలది ప్రాకును, వేసవిలో ముడుచుకొనును. లోనికి నీరు తగ్గిన కాలమున ఉప్పుటేటి వెంట సముద్రపు ఉప్పునీరు ఎదురెక్కును. పొంగుట, ముడుచుట, ఉప్పు, తీపు: ఈ మార్పులకు అలవడిన జీవులే అచ్చటి అసలు కాపురస్థులు. కొల్లేటికోట పెద్దింట్లమ్మను కొలుచు లంకగ్రామముల వారును ఆ లెక్కలోనివారే. నీరు పెరిగిన చేప, తగ్గిన దాళ్వా వరి. కిక్కిసతో చాపలు, ఇంటికప్పులు. సరస్సు శ్వాసించినట్లు వారి బ్రతుకును సాగినది.

ఆ నీటిపై పక్షుల జీవికలు చూడుడు. బుడబుంగ మునిగి పురుగులను, చిరుచేపలను పట్టును. నీటికాకి చేపను వెంటాడి లోతునకు పోవును; దాని రెక్కలు తడిసిపోవును గనుక తరువాత మోడుపై కూర్చుండి రెక్కలు చాచి ఆరవేసికొనును. కొంగ మోకాలిలోతు నీటిలో కదలక నిలుచును. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగులును. ఎవరో వంచి పాడుచేసినట్లు కనబడును గాని అది నత్తలను పట్టి, గుల్లనుండి మాంసమును లాగుటకు తగిన పనిముట్టు. లకుముకిపిట్ట పైనుండి బాణమువలె దుముకును. పొడవైన కాలివేళ్ళుగల మరియొక పిట్ట తామరాకులపై, మునుగకుండ, రాజమార్గమున నడచినట్లు నడచును. చిరునామా ఒక్కటే, వృత్తులు వేరు. కావుననే పోరు తక్కువ. కొల్లేటినుండి పులికాటునకు పోయినచో నీరు ఉప్పుదగును, వృత్తులును మారును. అచ్చట రాజహంసలను పేరుతో పిలువబడు ఫ్లెమింగోలు వంకరముక్కును తలక్రిందులుగా నీటిలో పెట్టి, జల్లెడపట్టినట్లు సూక్ష్మజీవులను వడగట్టుకొని తినును.

ఇన్ని నోళ్ళకు ఆహారమెక్కడిది? అంతయు ఎండనుండియే. ఎండను ఆహారముగా మార్చునది పచ్చని మొక్క. దానిని పురుగు, పురుగును చిరుచేప, చిరుచేపను పెద్దచేప, దానిని పక్షి తినును. దీనిని ఆహారశృంఖల యందురు. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు పోవునది ఇంచుమించు పదవ వంతు మాత్రమే. తక్కినది ఊపిరికి, కదలికకు, వేడికి ఖర్చగును. మెట్టెక్కినకొలది భోక్తలు తగ్గుటకు ఇదియే హేతువు. ఈ లెక్కకు పునాది వేసినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మినెసోటాలో చిన్న బురదకుంటనొకదానిని అతడు కొన్ని సంవత్సరములు శోధించెను. అతని వ్యాసమును పరిశీలకులు మొదట త్రోసిపుచ్చిరి. 1942లో అది అచ్చగునప్పటికి అతడు లేడు. 27 ఏండ్లు నిండకయే వ్యాధిచే మరణించెను. ఈనాడు ఆ శాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు ఆ కుంటను గూర్చి చదువును. గొప్ప పరిశోధనకు గొప్ప సముద్రమే కావలెనని లేదు.

ఇక గూడబాతు కథ. ముక్కు క్రింద సంచిగల ఆ పెద్ద పక్షిని ఎరుగనివారుండరు. ఆ సంచి చేపలను నిలువచేయు బుట్ట యని చాలమంది తలంతురు. కాదు, అది వల. చేపతోకూడ నీటిని ముంచి, నీటిని వదలి, చేపను మ్రింగును. ఇవి సైబీరియానుండి వచ్చుననుటయు వాడుకైన పొరపాటే. చుక్కలముక్కు గూడబాతు దక్షిణాసియా వాసి. నీటిని, చేపను, గూటికి చెట్టును వెదకికొనుచు ఈ ప్రాంతములలోనే తిరుగును. పరదేశపు అతిథి కాదు, ఇంటిబిడ్డ.

పంతొమ్మిదవ శతాబ్దమున జెర్డన్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు కర్ణాటక ప్రాంతమున ఒక ఊరి నడుమ, పొట్టి చెట్లపై ఇవి తరతరములుగా గూళ్ళు కట్టుటను చూచి వ్రాసెను. పిమ్మట చిరకాలము ఆ గూళ్ళ జాడ శాస్త్రజ్ఞులకు సరిగా దొరకలేదు. 1946లో పశ్చిమగోదావరి జిల్లాలో, కొల్లేటి దాపున, ఒక పెద్ద పక్షివసతి బయటపడినది. దానిని లోకమునకు తెలిపినవాడు కె. కె. నీలకంఠన్. ఆయన కేరళీయుడు; వృత్తి ఆంగ్లోపాధ్యాయత్వము, వ్యసనము పక్షులు. మలయాళమున ‘ఇందుచూడన్’ అను పేర పక్షులపై గ్రంథము వ్రాసి ఆ దేశమున ఇంటింటి పేరైనాడు. ఆయన చూచునాటికి అచ్చట ఇంచుమించు 3000 గూడబాతులు గూళ్ళు కట్టుచుండెను. శాస్త్రజ్ఞులకు అది కనుగొనుట. ఆ ఊళ్ళవారికి ఏటేట తలపై చూచు సంగతి!

1975 ప్రాంతమునకు ఆ వసతి శూన్యమయ్యెను. సరస్సు ఎండిపోలేదు. చేపలు లేకపోలేదు. గూళ్ళు మాత్రము లేవు.

నెలవను మాటకు అసలైన అర్థమిచ్చట తెలియును. గూడబాతు నెలవు నీరు మాత్రమే కాదు. మేతకు లోతు తక్కువైన చేపలనీరు. గూటికి ఎత్తైన గట్టిచెట్టు, అదియును మేతకు అందుబాటున. పిల్లలు ఎగురువరకు, అనగా మూడు నాలుగు మాసములు, అలజడి లేని నిశ్శబ్దము. ఈ మూడింటిలో ఒకటి తప్పినను తక్కిన రెండును వ్యర్థము. నేలపట్టులో ఈ మూడును కుదిరినవి. తిరుపతి జిల్లాలో నున్న ఆ ఊరి చెరువులో నీటనే పెరుగు కడపచెట్లు కలవు. గూడబాతులు వానిపై గూళ్ళు కట్టి, మేతకు పులికాటుకు పోయివచ్చును. 1976లో అది పక్షి సంరక్షణకేంద్ర మయ్యెను. రెట్టలు కలిసిన ఆ నీరు పొలమునకు బలమని రైతులు మురియుదురు. పక్షి చేపను పులికాటున తిని ఎరువును నేలపట్టున వేయుచున్నది. బండి కూలి లేని రవాణా. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున అవి ఊరిలోని చెట్లనే ఎక్కును. పక్షులు రాని ఏడు మంచిది కాదని అచ్చటివారి నమ్మకము. నమ్మకము శాస్త్రసమ్మతమా కాదా అను చర్చ అటుండనిండు. పిల్లవాడు చేతికెత్తిన రాయిని క్రిందపడవేయించిన శక్తి ఆ నమ్మకమునకు కలదు. ఏ చట్టమునకును అంత తొందరగా అది సాధ్యము కాదు.

కొల్లేటికి గూడబాతులు మరల వచ్చినవి. కైకలూరు దగ్గర ఆటపాకలో నేడు అవి వందలుగా గూళ్ళు కట్టును. చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటి నడుమ ఇనుపస్తంభములు నాటి, పైన చట్రములు బిగించిరి. పక్షులు వానిని స్వీకరించినవి. పుల్లలు తెచ్చి ఇనుముపై పేర్చి పిల్లలను లేపుచున్నవి. చెట్టు ఏ జాతిదన్న పట్టింపు పక్షికి లేదు; ఎత్తు, పట్టు, చుట్టును నీరు ఉన్న చాలునని దీనివలన తేలినది. ఇనుపచెట్టు చూచుటకు ముచ్చటగా నుండదు. గూటికి పనికివచ్చినది గదా!

ఇంతలో సరస్సు రూపే మారినది. 1970ల నడుమనుండి కొల్లేటిలో గట్లు వేసి చేపలచెరువులు త్రవ్వుట మొదలాయెను. మొదట లంకవాసుల సహకారసంఘములకని ప్రభుత్వమే ప్రోత్సహించినది. తరువాత పెట్టుబడిగలవారు వచ్చిరి. ఎనుబదులలో, తొంబదులలో చెరువులు సరస్సును దట్టముగా క్రమ్మివేసినవి. చేపలచెరువును తప్పుపట్టుట సులభము. అది వేలాది కుటుంబములకు కూడుపెట్టినదను మాటను దాచుట న్యాయము కాదు. కాని జీవావరణ దృష్టితో చూచినచో చెరువునకును సరస్సునకును భేదము గొప్పది. చెరువులో బొచ్చె, శీలావతి మొదలగు కొలది జాతులే. వానికి మేత బయటనుండి తవుడు, పిండి రూపమున రావలెను. సరస్సులో మేతను ఎండయే వండుచున్నది. చెరువుగట్టు నీటిని నిలుపును. సరస్సునకు ప్రాణము నీటి నడకలో నున్నది. గట్లు అడ్డుపడగా వరదనీరు ఉప్పుటేటికి చేరుటకు ఆలస్యమై ఎగువ పొలములు మునుగును. ఆ మీద విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు సరస్సునకే చేరును. ఆ మురుగు బలముతో గుఱ్ఱపుడెక్క అల్లుకొనును. దక్షిణ అమెరికానుండి తెచ్చిన ఆ మొక్కకు ఇచ్చట దానిని అదుపుచేయు సహజశత్రువు లేదు. స్వస్థలమున దానికి జీవిక మాత్రమే, ఇచ్చట ఏకచ్ఛత్రాధిపత్యము.

1999లో కొల్లేటిని వన్యప్రాణి సంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో 901 చదరపు కిలోమీటర్లతో చేరినది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర యంత్రములతో, మందుగుండుతో చెరువుగట్లను కూలద్రోసిరి. తరువాత గట్లు కొన్ని మరల లేచినవి.

తగవంతయు ఒక గీతను గూర్చినది. సంరక్షణకేంద్రపు ఎల్ల సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తున నీరు నిలుచు గీత. వాడుకలో ‘ఐదవ కాంటూరు’. దానిని 3 అడుగులకు దించవలెనని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించెను. రెండడుగులే గదా అని బయటివారికి తోచును. అరచేయివలె చదునైన ఆ నేలపై రెండడుగులనగా సరస్సు విస్తీర్ణములో సగమునకు పైగా పోవుట. ఎల్లలోపల పట్టాభూములుగలవారి బాధ కల్పితము కాదు; పట్టా చేతనుండి పంట చేయరాదన్న ఏ రైతు ఊరకుండును? పరిహారము సకాలమున అందవలసినది. కేంద్రప్రభుత్వము నియమించిన పి. ఎ. అజీజ్ సంఘము పరిశీలించి గీతను దించవలదనెను. సరస్సులో నిండుగా నీరున్నపుడు ఆ రెండడుగుల పట్టీయే లోతులేని అంచు. కాలుమోపి మేయు కొంగలకు ఆ అంచే పళ్ళెము. వానకాలమున చేపలు గ్రుడ్లు పెట్టుటకు వచ్చు గడ్డినీరు అది. నడిమి లోతును మిగిల్చి అంచును తీసివేయుట అనగా ఇంటిలో దేవునిగది నుంచి వంటయింటిని కూల్చుట. వరదకు చోటిచ్చునదియు ఆ అంచే. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడ వీధులు మునిగినపుడు, ఆ ఏటికి దిగువనున్న పళ్ళెము కొల్లేరే యని చాలమందికి మొదటిసారి జ్ఞప్తికి వచ్చినది.

విద్యార్థులు చేయదగిన పని ఒకటి కలదు. దీనికి యంత్రములు అక్కరలేదు. ఊరి చెరువున నెలకొకమారు, ఒకే రోజున, ఒకే చోటనుండి నీటిమట్టమును, కనబడిన పక్షులను, గట్టు మొక్కలను వ్రాసియుంచవలెను. పేరు తెలియకున్న బొమ్మ గీయవలెను. ముక్కు తీరు, కాలి పొడవు, ఏమి తినుచున్నదో వ్రాసిన చాలును, పేరు పెద్దలు చెప్పుదురు. ఒక సంవత్సరపు లెక్క కుతూహలము తీర్చును. పది సంవత్సరముల లెక్క సాక్ష్యమగును. కొల్లేటి గూళ్ళు ఎప్పుడుండెనో, ఎప్పుడు పోయెనో నేడు చెప్పగలుగుట కొందరు ఓపికతో లెక్కించి అచ్చువేయించినందువలననే. ఆ పుస్తకములను భద్రపరచుటకు గ్రంథాలయముకన్న తగిన చోటు ఊరిలో లేదు. ఒక బీరువాలో ఒక అర చాలును.

గూళ్ళు చూడగోరువారు కార్తీకము దాటిన పిమ్మట కైకలూరునుండి ఆటపాకకు పోవచ్చును. ఉదయమే పోవుట మేలు. పక్షులు మేతకు లేచు వేళ అది. గూటిలోని పిల్లలు తల్లుల సంచులలో తలలు దూర్చి తినుట దూరదర్శినితో స్పష్టముగా కనబడును.